రహీం గారు కాదనలేకపోయిన రోజు

మా వీధి చివర ఎవరో ఇల్లు కడుతున్నారు. ఈ ఉదయం కిటికీ తెరవగానే తడిసిన సిమెంటు వాసన వచ్చింది. ఇంజనీరుగా నా మొదటి ఉద్యోగం, మధురవాడలో మేం కట్టిన అపార్టుమెంటు, మా ప్రాజెక్టు మేనేజరు రహీం గారు గుర్తొచ్చి, కాఫీ చల్లారేదాకా అక్కడే నిలబడిపోయాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. ఆయన వన్‌టౌన్ నుంచి స్కూటరు మీద వచ్చేవారు. రోజూ పని మొదలయ్యే ముందు మేస్త్రీలందరినీ ఒకచోట చేర్చి, ఎవరు ఎక్కడ ఏం చేయబోతున్నారో అందరి ముందూ చెప్పించేవారు. "పక్కవాడేం చేస్తున్నాడో తెలియకపోతేనే భయం అమ్మా," అనేవారు నాతో. బిల్డరుకు అది దండగనిపించింది. పని వెనకబడుతోందని, పొద్దున్నే ఆ కబుర్లు ఆపేయమని గట్టిగా చెప్పాడు. రహీం గారు కాసేపు వాదించి, చివరికి సరేనన్నారు.

ఆ వారంలోనే, పై అంతస్తుకు సపోర్టు కర్రలు చాలక, ఒక జట్టు బాల్కనీ స్లాబు కింద ఆనించినవి తీసేసింది. స్లాబు ఇంకా గట్టిపడలేదని వాళ్లకు తెలియదు. కర్రలు తీసేశారని, దాని మీద ఇటుకలు పేర్చే జట్టుకు తెలియదు. ఆ జట్టులో కూలి అప్పలరాజు ఇటుకల తట్టతో అడుగుపెట్టగానే స్లాబు కూలిపోయింది. మేం పరుగెత్తుకెళ్లేసరికే అతని ప్రాణం పోయింది. భీమిలి దారిలో సముద్రపొడ్డు పల్లె అతనిది. చేపల వేట లేని రోజుల్లో కూలికి వచ్చేవాడు.

ఎవరూ తప్పు ఒప్పుకోవద్దని బిల్డరు మనుషులు చెప్పారు. మర్నాడు రహీం గారితో నేనూ ఆ ఇంటికి వెళ్లాను. అప్పలరాజు భార్య నూకాలు గుమ్మంలో కూర్చుని ఉంది.

"ఆ కర్రలు తీసెయ్యమని ఎవులు సెప్పారు బాబూ?"

"వాళ్లు తీస్తున్నట్టు మీ ఆయనకి చెప్పేవాళ్లు లేకపోయారమ్మా. రోజూ చెప్పించేవాణ్ణి. మానేశాను. తప్పు నాదే."

నూకాలు గుమ్మంలోంచి లేచింది. "పొద్దున్న తినకుండా ఎలిపోనాడు. అక్కడేటైనా తిన్నాడా బాబూ?"

ఆయనకు తెలియదు. నాకూ తెలియదు.

పోలీసులకూ ఆయన అదే చెప్పారు. ఉద్యోగం పోయింది. మరెవరూ పని ఇవ్వలేదు. తమ్ముడి హార్డ్‌వేర్ షాపులో కూర్చునేవారు. ఒకసారి చూడబోయి, "బిల్డరు ఆపమంటే మీరేం చేస్తారు సార్?" అన్నాను.

"కాదంటే ఏమయ్యేదమ్మా? ఉద్యోగం పోయేది. ఎలాగూ పోయింది కదా," అన్నారు. నాకు టీ చెప్పి, ఆయన తాగలేదు.

కొన్నేళ్లకు ఆయన పోయారని, ఖననం కూడా అయిపోయాక తెలిసింది.

ఇప్పుడు పని త్వరపెట్టేవాళ్లు నాకూ ఉన్నారు. వాళ్లను కాదనాల్సి వచ్చిన ప్రతిసారీ నా గొంతు వణుకుతుంది. ఆ వణుకుతోనే కాదంటున్నాను.