పాటలకు మామ పెట్టిన గుర్తు

మామ పోయాడని అత్త ఫోన్ చేసినప్పుడు నేను ప్రొద్దుటూరులో మా సెల్‌ఫోన్ల కొట్టు షట్టర్ ఎత్తుతున్నాను. "మీ మామ ల్యాడప్పా. మందను ఇడుద్దామని లేచి, మంచం మీదనే కూలబడినాడు" అంది. ఎత్తిన షట్టర్ మళ్ళీ దించేశాను. బస్సెక్కి జమ్మలమడుగు ఎలా చేరానో తెలియదు.

ఆయన మా అమ్మకు అన్న. జమ్మలమడుగు దగ్గరి పల్లెలో గొర్రెల కాపరి. కాస్త సెనగ సేద్యం కూడా చేశాడు గానీ, ప్రాణమంతా మందలోనే. మీలో ఎవరైనా నా ర్యాప్ ఆల్బమ్ విని ఉంటే ఆయన్ను మీరూ ఎరుగుదురు. ప్రతి పాటకూ ముందు "ట్ర్రో... హో!" అని ఒక కేక వస్తుంది చూడండి, అది మామదే.

ఆ ఆల్బమ్ నేనొక్కణ్ణే రాసి పాడింది. మా ఇల్లు నూనె మిల్లు పక్కన, ఆ రొదలో మైకు పెట్టే వీల్లేదు. అందుకని మామ ఇంటి వెనక గదే మా స్టూడియో అయింది. గోడలు గొంతును తిప్పికొడుతున్నాయంటే మామ ఇంట్లోని గొంగళ్ళన్నీ తెచ్చి, మేకులు కొట్టి తగిలించాడు. చాలకపోతే భుజం మీది గొంగళి కూడా తీసి తలుపుకు కట్టాడు. ఎండాకాలం. ఆ ఉన్ని వాసనలో నేను ఉడికిపోతుంటే, ఆయన వీధిలో నిలబడి ట్రాక్టర్లు ఆపేవాడు.

"ఆగప్పా, లోపల మా అల్లుడు పాడతాండాడు."

"ఏం పాట పెద్దాయనా?" అని ట్రాక్టరువాళ్ళు అడిగేవాళ్ళు.

"తిట్లే! ఎవుర్నో శానా తిడతాండాడు. అయిపోనీ, పోదువు."

అవి తిట్లు కావు, మన కరువు మీద రాసినవని ఎంత మొత్తుకున్నా ఒప్పుకోలేదు. "అయితే అంత ఆత్రమేంటికిరా? తరిమితే గొర్రె మేస్తాదా?" అనేవాడు. ఆ మాట పట్టుకుని ఒక పాట వేగం తగ్గించాను. జనం ఎక్కువగా విన్నది దాన్నే.

ఒక సాయంత్రం గొర్రెపిల్లలకు గుర్తులు పెడుతున్నాడు. నేను పట్టుకుంటే, ఆయన ఎడమ చెవికి చిన్న గాటు పెట్టి, వీపున ఎర్ర రంగు చుక్క వేస్తున్నాడు. కాపరికొక గుర్తు ఉంటుంది, మామది అది. "గుర్తు లేని గొర్రె ఎవుని మందలోనన్నా కలిసిపోతాది. మళ్ళా నాదంటే ఎవుడు నమ్ముతాడు? నీ పాటలకేంది గుర్తు?" అని అడిగాడు.

ర్యాప్ పాడేవాళ్ళు పాట ముందు తమ పేరో, ఏదో ఒక కూతో వేసుకుంటారు. నేనూ ఒక ఇంగ్లీషు ముక్క అనుకుని ఉన్నాను. ఆయన అలా అడగ్గానే అది వెలవెలబోయింది. కేక వేయమని మామనే మైకు ముందు నిలబెట్టాను. మనిషి సిగ్గుతో మెలికలు తిరిగిపోయాడు. "గొర్రెల్లేకుండా ఎవుర్ని పిల్చాలరా?" అన్నాడు. చివరికి మైకునే దొడ్డి దగ్గరికి మోసుకుపోయాం. ఒక్క కేక వేశాడు. మందంతా తలెత్తింది.

ఆల్బమ్ విడుదల చేస్తానన్నది హైదరాబాదులోని ఒక చిన్న పాటల కంపెనీ. దాన్ని నడిపే అబ్బాయి ఆ కేక తీసేయమన్నాడు. జనం నవ్వుతారట. ఉంచితే విడుదల తన వల్ల కాదన్నాడు. అంతకు ముందు నా పాటల మొహం చూసినవాడు లేడు. ఏం చెయ్యాలో తోచక మామతోనే చెప్పాను.

"తీసెయ్‌రా. నా అరుపుకేముంది, దినామూ అరుస్తా. నీ పాట బయటికి పోవాల" అన్నాడు.

ఆ మాట విన్నాక ఇక ఎలా తీస్తాను? ఫోన్లో పోట్లాడాను, బతిమాలాను, వేరే చోటు చూసుకుంటానని బెదిరించాను. పోట్లాడీ పోట్లాడీ చివరికి ఆ అబ్బాయే దిగివచ్చాడు.

ఆల్బమ్ వచ్చాక పులివెందులలో ఒక కాలేజీలో పాడాను. మామ గొంగళి భుజాన వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. స్పీకర్లలో ఆయన కేక వినపడగానే హాల్లో పిల్లలంతా "ట్ర్రో... హో!" అని తిరిగి అరిచారు. మామ ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. "ఇంత మందను యాడ మేపాలరా సామీ!" అన్నాడు. తిరుగు బస్సులో అది తలుచుకుని నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు కోసం ఇంకో ఆల్బమ్ చేయాలనుకున్నాను.

మట్టి చేసిన మర్నాడు పొద్దున మంద దొడ్డిలోంచి కదల్లేదు. ముందురోజు నుంచి మేత లేదు. తడిక తీసి అత్త పిలిచింది, ఇరుగుపొరుగువాళ్ళు అదిలించారు. అవి ఇంకా మూలకు ఒదిగాయి. అత్త నావైపు తిరిగి, "నీ సెల్లులో ఆయన అరుపు ఉండాది గదప్పా" అంది.

ఫోన్ తీసి పాట పెట్టాను. కేక వినపడగానే తలలు లేచాయి. ఒక ముసలి గొర్రె ముందు కదిలింది, దాని వెనకే తక్కినవి. అంతలో నా పాట మొదలైంది, అన్నీ టక్కున ఆగిపోయాయి. ఏడుస్తున్న అత్త ఫక్కున నవ్వింది.

"నీ పాట వద్దు నాయనా. ఆయన్నే పెట్టు."

ఆ కేకనే మళ్ళీ మళ్ళీ వేస్తూ ముందు నడిచాను. సెనగ కోసిన చేనిదాకా మంద నా వెనకే వచ్చింది. అక్కడ ఆపి, ఫోను జేబులో పెట్టుకున్నాను. గొర్రెలన్నీ తలలు వంచి మేతలో పడ్డాయి. ఆ ముసలిది మాత్రం మెయ్యకుండా, నా జేబువైపే చూస్తూ నిలబడింది.