నూట నలభై మూడో పేజీ

దెయ్యాల మాట ఎత్తితేనే నాకు ఒళ్లు మండుతుంది. నంద్యాల చుట్టుపక్కల స్టేషన్లలో ముప్పై ఏళ్లు దొంగతనం కేసులు చూశాను. దెయ్యం ఎత్తుకుపోయిందన్న ప్రతి వస్తువూ చివరికి మనిషి ఇంట్లోనే దొరికింది. ఇది నా నెత్తి మీదికే వచ్చింది కాబట్టి చెబుతున్నాను.

రిటైరయ్యాక డిటెక్టివ్ నవలలు రాస్తున్నాను. కేసు డైరీ అలవాటు పోలేదు. ప్రతి పేజీకీ నంబరు వేసి, అడుగున సంతకం, తేదీ పెడతాను. ఆ పేజీలు పట్టుకుని ప్రతి శుక్రవారం ఆళ్లగడ్డ బస్సెక్కేవాణ్ణి. అక్కడ రోజమ్మ టీచరు, ఆమె కూడా రిటైరే, ఎర్ర పెన్సిలుతో తప్పులు దిద్దేది. నాకు అరవై ఆరు, ఆమెకు అరవై ఒకటి. తప్పుల కోసమే వెళ్లేవాణ్ణని ఎవరైనా అంటే నమ్మకండి. పెళ్లి మాట కూడా అడిగాను. ముందు నవల పూర్తి చేయండి, చూద్దామంది.

ఆ నవలలో నా డిటెక్టివ్‌కూ వయసు మీద పడింది, ఒక తోడూ దొరికింది. చివర్లో అతన్ని చంపేస్తానన్నాను. ఆమె పెన్సిలు కింద పెట్టింది.

"ఆయనకిప్పుడే తోడు దొరికినాది. చంపొద్దు సార్. ఇంగ కొన్నాళ్లు ఉండనీ."

పుస్తకం నాది అన్నాను. పంతం పట్టి రెండు శుక్రవారాలు వెళ్లలేదు. మూడో శుక్రవారం ఆమె పోయిందని ఫోనొచ్చింది. ఏడాదిగా రోగమట. తెలిసే దాచిందట. నడక చూసి దొంగను పట్టేవాణ్ణి, ఎదురుగా కూర్చున్న మనిషి రోగం కనిపెట్టలేకపోయాను. ఆ కోపం ఆమె మీదో నా మీదో ఇప్పటికీ తెలియదు.

శనివారం సమాధి చేశారు. ఆదివారం మధ్యాహ్నం ఆ మంటతోనే నూట నలభై మూడో పేజీ రాసి డిటెక్టివ్‌ను చంపేశాను. కాగితాలు బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా మొలతాడుకే ఉంటుంది. ఇంట్లో నేనొక్కణ్ణే.

మంగళవారం సమాధి రాయి చెక్కించడానికి ఆళ్లగడ్డలో ఒక శిల్పి దగ్గరికి వెళ్లాను. ఆమె పేరు చెప్పగానే అతను ఉలి ఆపాడు.

"నిన్న టీచరమ్మొచ్చి కాగితం ఇచ్చిపాయ గదా సార్. అద్దాలకు నల్లదారం కట్టుకోనుండె."

ఆమె కళ్లద్దాల కాడ విరిగితే ఆ దారం నేను కట్టిందే. అతన్ని మూడు రకాలుగా తిప్పి తిప్పి అడిగాను, గొంతు పెంచీ అడిగాను. మాట మారలేదు. కాగితం తెచ్చిచ్చాడు. ఒకవైపు ఎర్ర పెన్సిలుతో ఆమె పేరు, ఆమె దస్తూరీ. తిప్పాను. నూట నలభై మూడు. కింద నా సంతకం, ఆదివారం తేదీ. డిటెక్టివ్ చనిపోయే పేరా మొత్తం ఎర్రగా కొట్టేసి ఉంది.

ఇంటికొచ్చి చూశాను. బీరువా తాళం వేసింది వేసినట్టే ఉంది. లోపల కాగితాలు నూట నలభై రెండుతో ఆగిపోయాయి.

ఎలా జరిగిందో నాకు తెలియదు. ఎంత తవ్వినా ఈ కేసు తేలలేదు. ఆ పేజీ మళ్లీ రాయలేదు, డిటెక్టివ్ బతికే ఉన్నాడు. కాగితం మీది మనిషిని కాపాడటానికి అంత దూరం నుంచి వచ్చిందే, బతికుండగా తన రోగం సంగతి నాకు చెప్పడానికి మాత్రం ఆమెకు నోరు రాలేదు.