మా డ్రిల్లు మాస్టారి ఎడమ చెయ్యి

మా డ్రిల్లు మాస్టారు పోయారన్న కబురు నాకు గురజాల బస్టాండులో తెలిసింది. బండి కదలడానికి ఇంకా ఐదు నిమిషాలుంది. టిక్కెట్ల మిషను ఒళ్లో పెట్టుకుని ఫోను తెరిస్తే, మా బడి పాత విద్యార్థుల గ్రూపులో ఆయన ఫొటో, చుట్టూ పూలు. నేను నమ్మలేదు. ఆ గ్రూపువాళ్లు ఒకసారి బతికున్న లెక్కల మాస్టారికి శ్రద్ధాంజలి ఘటించి, ఆయన చేతనే చీవాట్లు తిన్నారు. అందుకని కరుణకి ఫోను చేశాను. బళ్లో సాఫ్ట్‌బాల్ ఆడేటప్పుడు కరుణ మా జట్టు క్యాచరు, నేను పిచ్చర్ని, అంటే నేను బంతి విసిరేదాన్ని, తను బ్యాటరు వెనక కూర్చుని పట్టేది. ఇప్పుడు తను కానిస్టేబులు, నేను ఆర్టీసీ కండక్టర్ని.

"నిజమేనే. తెల్లారి పోయారు. రేపు పదింటికి సమాధుల తోటకి తెస్తారంట. వస్తావా?" అంది.

వస్తానన్నాను. ఏడుపు మాత్రం రాలేదు. ఆయన మీద నాకు ఇరవై ఏళ్లకు పైబడిన అనుమానం ఉంది. ఇక అడగడానికి మనిషే లేడు కదా అని ఒళ్లు మండింది.

అనుమానం మాటకొస్తే ఆయన్ని మించినవాళ్లు లేరు. నరసరావుపేటలో మాకు ఆటలు నేర్పినన్నాళ్లూ ఆయన దేన్నీ నమ్మలేదు. పిచ్చరు నిలబడే పలకకీ బ్యాటరు నిలబడే చోటుకీ మధ్య దూరాన్ని రోజూ ముడులేసిన తాడుతో కొలిచేవారు. నిన్న కొలిచాం కదా సార్ అంటే, "నిన్నటి గ్రౌండు ఇయ్యాల ఉంటదని ఏంది నమ్మకం?" అనేవారు. మేం నవ్వుకునేవాళ్లం. తీరా ఒకరోజు ఆ తాడుతోనే పక్కింటివాళ్ల ప్రహరీ గోడ మా గ్రౌండులోకి మూరెడు జరిగిందని పట్టుకున్నారు. ఆ గోడ పడగొట్టించేదాకా హెడ్మాస్టారికి నిద్ర లేకుండా చేశారు.

ఆటలో ఆయన అనుమానమంతా కాళ్ల మీదే. "మొహం చూడమాకండి, కాళ్లు చూడండి" అని రోజుకి పదిసార్లు అనేవారు. నేను ఒక్క బంతి సరిగ్గా వేశానంటే వంద బంతులకి నా కాలు చూసి ఉంటారు. పలక మీద నుంచి ముందే ఎగిరినా, బంతి పట్టుకున్న రెండు చేతులూ కలిపి ఒక క్షణం ఆగకపోయినా అది ఇల్లీగల్ పిచ్. అప్పుడు బేసుల మీదున్న అవతలి జట్టు వాళ్లు తలా ఒక బేసు ముందుకొస్తారు. "నువ్వు చేసిన తప్పుకి వాళ్లు నడిచి రాకూడదు" అనేవారు.

సరిగ్గా అదే జరిగింది, సత్తెనపల్లి జట్టుతో ఫైనల్లో. రావలసిన అంపైరు రాలేదు. అంపైరు పరీక్ష ప్యాసైనవాళ్లు చుట్టుపక్కల ఇంకెవరూ లేక మా మాస్టారే నిలబడ్డారు. "మీ సారే అంపైరా? ఇంక ఆట ఎందుకు, కప్పు తీసుకపొండి" అని సత్తెనపల్లి వాళ్లు గొడవ చేశారు.

ఆఖరి ఇన్నింగ్స్‌లో స్కోరు సమానంగా ఉంది. మూడో బేసు మీద వాళ్ల పిల్ల, ఇంకొక్క బేసు ముందుకొస్తే వాళ్లకి పరుగు. బ్యాటు పట్టుకొచ్చింది వాళ్లలో అందరికన్నా గట్టిగా కొట్టే అమ్మాయి. అలాంటప్పుడు కావాలనే నాలుగు బంతులు అందకుండా దూరంగా వేసి, ఆ అమ్మాయిని ఊరికే మొదటి బేసుకి పంపించేయొచ్చు. ఇప్పుడైతే అంపైరుకి నోటితో చెబితే చాలట. అప్పట్లో నాలుగూ వేయాల్సిందే. కెప్టెన్ని నేనే కాబట్టి ఆ నిర్ణయమూ నాదే. మొదటిది వేశాను. రెండోది వేశాను. మాస్టారి ఎడమ చెయ్యి పిడికిలి బిగించి పక్కకి చాచుకుంది. ఇల్లీగల్ పిచ్. మూడో బేసు మీది పిల్ల నడుచుకుంటూ వచ్చింది. ఆ ఒక్క పరుగుతో మేం ఓడిపోయాం.

"నా కాలు లేవలేదు సార్" అని ఏడుస్తూ అడిగాను.

"లేచిందని నేనన్నానా?" అని వెళ్లిపోయారు.

అదేం జవాబో మీరే చెప్పండి. సొంత బడి పిల్లల్ని అమ్ముకున్నాడని మావాళ్లంతా తిట్టారు. వారం తిరక్కుండా ఆయన కొత్త తెల్ల బూట్లతో బడికొచ్చారు. నాకు అంతకన్నా సాక్ష్యం అక్కర్లేకపోయింది. ఆటే మానేశాను.

ఉద్యోగంలో చేరాక ఆయన నా బస్సెక్కేవారు. నేను పలకరించేదాన్ని కాదు. వృద్ధుల రాయితీ కార్డు చూపిస్తే, ఫొటోని, మొహాన్ని మార్చి మార్చి చూసేదాన్ని. ఆయన నొచ్చుకోకపోగా ముచ్చటపడేవారు. "అట్టా చూడాలి. ఎవర్నీ నమ్మమాకు" అనేవారు.

సమాధుల తోటలో మట్టి వేసి వెనక్కి తిరిగాక కరుణ నా చెయ్యి పట్టుకుంది.

"ఆ ఫైనల్లో తప్పు నీది కాదే. ఆయనదీ కాదు. నాది. నువ్వు బంతి వదలక ముందే నేను గడి దాటాను" అంది.

బ్యాటరు వెనక క్యాచరు కూర్చోవడానికి ఒక గడి ఉంటుందనీ, బంతి పిచ్చరు చేతిలోంచి వెళ్లేదాకా అది దాటకూడదనీ, దాటితే అదీ ఇల్లీగల్ పిచ్చేననీ నాకు అప్పుడే తెలిసింది. మా గ్రౌండులో ఆ గడి ఎప్పుడూ గీయలేదు. గీయడానికి చోటేదీ? క్యాచరు వెనకే మురుగు కాలవ. మాకున్నవి రెండే బంతులు. దూరంగా వేసిన బంతి కాలవలో పడకుండా, "ముందే జరుగు! బంతి కంటే ముందు నువ్వుండాలి!" అని కరుణకి అరిచి అరిచి నేర్పింది మాస్టారే.

"మరి ఎందుకు చెప్పలా?"

"మా నాన్న అక్కడే ఉన్నాడుగా. నన్ను ఆట మాన్పించడానికి వంక కోసం చూస్తన్నాడు. నా వల్లే ఓడిపోయామని తెలిస్తే ఆ రోజుతో సరి. తప్పు నేర్పింది నేను, తిట్లు నాకే పడనీ, నోరు మూసుకో అన్నాడు సారు. ఆ ఆటతోనే కదా నాకీ ఉద్యోగం."

"నాకన్నా చెప్పొచ్చుగా!"

"అన్నాను. దానికి చెప్తే ఊరంతా చెప్తది అన్నాడు."

ఆ అనుమానం నిజమే. తప్పకుండా చెప్పేదాన్ని. అయినా కోపం ఆగలేదు. కరుణని కాపాడారు సరే, మరి నా ఆట? దాని సంగతి ఎవరు చూడాలి? పైగా పోయినవాళ్ల గురించి అందరూ మంచే చెబుతారు. కరుణ నన్ను ఊరుకోబెట్టడానికి కల్పించి చెప్పడం లేదని ఏమిటి నమ్మకం?

అక్కడి నుంచి తనని తిన్నగా బడికి తీసుకెళ్లాను. కాలవ మీద ఇప్పుడు సిమెంటు పలకలు పరిచారు. పుల్లతో మట్టిలో గడి గీసి, కరుణని అందులో కూర్చోబెట్టాను.

"ఈసారి రూలు ప్రకారం పట్టు. నా చేతిలోంచి బంతి పోయాకే జరుగు" అన్నాను.

"చేతిలో బంతేదే?"

"ఉందనుకో."

నలభై అడుగులు వెనక్కి నడిచి, చేతులు కలిపి ఆగాను. ఆ రోజు నేను బ్యాటరు మొహం చూశాను. ఇప్పుడు కరుణ కాళ్లు చూశాను. నా చెయ్యి పైన ఉండగానే తన కుడి కాలు గీత దాటేసింది. నాలుక కరుచుకుని మళ్లీ కూర్చుంది. రెండోసారీ దాటింది. మూడోసారి చీర కుచ్చిళ్లు గట్టిగా పట్టుకుని, పళ్లు బిగించి కూర్చుంది. అయినా దాటింది. ఆయన నేర్పింది అంత గట్టిగా పట్టుకుంది ఆ కాలు.

బూట్ల సంగతి కరుణకీ తెలియదు. దాన్ని నేను ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు, వదిలితే ఆయన ఒప్పుకోరు. కానీ అక్కడ ఎండలో నిలబడి ఏడ్చాను. ఇన్నేళ్లూ నా బస్సులో ఆయన్ని నిలబెట్టి కార్డు చూసినందుకు ఏడ్చాను.

"ఇదే ఆఖరు" అంటూ కరుణ నాలుగోసారి కూర్చుంది. నేను చెయ్యి తిప్పాను. కాలు గీత దాటింది. నా ఎడమ చెయ్యి పిడికిలి బిగించుకుని పక్కకి చాచుకుంది. కరుణ దాన్ని చూసి, కూర్చున్న చోటే తల వంచుకుంది. నేను చెయ్యి దించలేదు.