తాతయ్య చదవకుండా పెట్టిన సంతకం

మా తాతయ్యకు లోకంలో గురి కుదిరింది మూడింటి మీదే. లేత్ మిషను, వెర్నియర్ స్కేలు, ఆ తర్వాత అమ్మమ్మ. ఈ వరస ఆయన పెట్టిందే. "మూడోదాన్నైతేనేం, తుప్పు పట్టకుండా చూసుకుంటారు" అనేది అమ్మమ్మ.

విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసే పిల్లలకు యంత్రాల ముక్కలు చేసిపెట్టడం ఆయన ఉద్యోగం. భవనం అడుగున, మెట్ల కింద పొడవాటి గది. అందులో లేత్, డ్రిల్లు, లోహాన్ని అరగదీయడానికి గోడకు వేలాడే ఆకురాళ్లు, ఎన్ని కిటికీలు తెరిచినా పోని నూనె వాసన. పైన నాలుగంతస్తుల నిండా కాబోయే డాక్టర్లు. ఒక్కరికీ సూది వెయ్యడం రాదు. "జ్వరమొస్తే పనికిరాని డాక్టర్లు" అని తాతయ్య ముప్పై ఏళ్లుగా నవ్వుతూనే ఉన్నాడు.

ఆయనకొక నియమం ఉండేది. డ్రాయింగు మూడుసార్లు చదవనిదే లేత్ మీద చెయ్యి వెయ్యడు. మొదటిసారి అదేమిటో తెలుసుకోవడానికి, రెండోసారి కొలతలకు, మూడోసారి గీసినవాడు ఎక్కడ పొరబడ్డాడో పట్టుకోవడానికి. ఇంట్లోనూ అంతే. దగ్గు మందు సీసా మీది చీటీ మూడుసార్లు చదివేసరికి దగ్గే విసుగెత్తి పోయేది.

అలాంటి మనిషి ఒకే ఒక్క కాగితం చదవకుండా వదిలేశాడు.

ఆ కాగితం తెచ్చిన అమ్మాయి నాలుగో అంతస్తులో కండరాల కణాల మీద పరిశోధన చేసేది. మొదటిరోజే తాతయ్య "ఏం డాక్టరమ్మా" అన్నాడు, ఆమె "బాబాయ్" అంది. వరసలు కుదిరిపోయాయి. పలచటి రబ్బరు పొర మీద కణాలను పెంచి, ఆ పొరను నిమిషానికి అరవైసార్లు లాగి వదలాలని ఆమె ఆలోచన. ఒంట్లోని కండరం రోజంతా సాగుతూనే ఉంటుంది, గాజుగిన్నెలో పడుకుని తింటే దానికి బలమెక్కడిదీ అనేది. లాగే పని ఒక చిన్న మోటారుది. దాని ఇరుసుకు ఇత్తడి బిళ్ల, బిళ్లకు మధ్యలో కాకుండా కాస్త పక్కగా చిల్లు. బిళ్ల తిరిగినప్పుడల్లా ఒక కడ్డీని తోస్తుంది, కడ్డీ పొరను లాగుతుంది.

బిళ్ల డ్రాయింగులో ఉన్నట్టే వచ్చింది, వెంట్రుకవాసి తేడా లేదు. కణాలు మాత్రం మూడోరోజుకల్లా పొరను వదిలేసి పైకి తేలాయి. మళ్లీ పెంచింది, మళ్లీ తేలాయి. ఐదు నెలలు ఇదే తంతు.

"నా చేతిలో ఏదీ బతకదేమో బాబాయ్" అంటూ ఒకరోజు లేత్ పక్కన కూలబడి ఏడ్చేసింది. తాతయ్య మోకాళ్లను తిట్టుకుంటూ నాలుగంతస్తులు ఎక్కి, స్టూలు వేసుకుని ఆ యంత్రం ముందు గంటసేపు కూర్చున్నాడు.

"వీటికి ఊపిరి తీసుకునే సందేదమ్మా? నా లేత్‌ చేత కూడా నేనింత చాకిరీ చేయించను."

"వాటికి ముక్కులుండవు బాబాయ్."

"ముక్కు లేకపోయినా అలక ఉందిగా. తేలిపోతున్నాయి!"

బిళ్ల ఊడదీసి కిందికి తెచ్చాడు. బల్లకున్న వైసులో బిగించి, అంచున ఒకచోట పదిసార్లు ఆకురాయి పట్టాడు. కొలవలేదు, గీత గీయలేదు, చెయ్యి చాలంది కాబట్టి ఆపాడు. గుండ్రటి బిళ్లకు చిటికెనవేలి గోరంత చదును వచ్చింది. ఇక తిరిగినప్పుడల్లా అక్కడికొచ్చేసరికి కడ్డీ రెప్పపాటు ఆగుతుంది, మళ్లీ కదులుతుంది.

కణాలు అతుక్కున్నాయి. పదోరోజు ఆమె తాతయ్యను పైకి లాక్కెళ్లి మైక్రోస్కోపులో చూపించింది. అన్నీ ఒకేవైపు తిరిగి, బారులు తీరి ఉన్నాయి.

"దువ్వినట్టున్నాయే! మా ఆవిడ జుట్టు కూడా ఇంత కుదురుగా ఉండదు" అన్నాడు తాతయ్య.

ఆ ఏడే పై అధికారులు మెట్ల కింది గదిని మూసెయ్యాలని మాట్లాడుకుంటున్నారు. ముక్కలు బయట చేయించుకోవచ్చట. తాతయ్యకు ఉద్యోగం ఇంకా మూడేళ్లుంది. ఆయన కోరిక ఒక్కటే, లేత్ కన్నా ముందు తాను గది బయటికి నడవాలి. గది ఉంచాలా వద్దా అనేదానికి పరిశోధక విద్యార్థుల అభిప్రాయం కూడా చూస్తారన్నారు.

"నేను రాస్తాను బాబాయ్, పేజీ నిండా రాస్తాను. ఈ గది లేకపోతే నా కణాలే లేవని రాస్తాను" అంది డాక్టరమ్మ. ఆ మాట కూడా తాతయ్య ఇంట్లో మూడుసార్లు చెప్పాడు.

రెండు వారాలకు ఆమె పరుగున వచ్చింది. పరిశోధనకిచ్చిన గడువు అయిపోతోంది, పొడిగించమని దరఖాస్తు పెట్టాలి, దాని మీద వర్క్‌షాపు సంతకం కావాలి. తాతయ్య కళ్లజోడు నుదుటి మీదుంది, చేతులు నూనెలో ఉన్నాయి.

"ఎక్కడమ్మా?"

"ఇక్కడ బాబాయ్, కిందన. ఆఫీసు మూసేస్తారు, త్వరగా!"

"నువ్వు తెచ్చావుగా, ఇక చదివేదేముంది" అని చొక్కాకు వేళ్లు తుడుచుకుని సంతకం పెట్టేశాడు.

ఆమెకు గడువు దొరికింది, ఆ తర్వాత పట్టా కూడా వచ్చింది. తాతయ్యకు గది మూసేస్తున్నట్టు నోటీసు వచ్చింది. సంగతేమిటో కనుక్కుందామని ఆఫీసుకు వెళితే, గుమాస్తా ఫైలు తీసి వింతగా చూశాడు.

"మీరే ఒప్పుకున్నారు కదండీ పెద్దాయనా?"

"నేనేం ఒప్పుకున్నాను?"

"ఇదిగో ఆ అమ్మాయి గడువు దరఖాస్తు, దీన్ని చూసే గది వద్దన్నారు. ఆలస్యానికి కారణం అన్నచోట రాసి ఉంది. 'వర్క్‌షాపు చేసిన బిళ్లలో లోపం వల్ల ఐదు నెలలు వృథా అయింది. లోపాన్ని పరిశోధకురాలే స్వయంగా సరిదిద్దుకుంది.' సంతకం మీదేగా?"

"నాదే. మరి ఆ అమ్మాయి రాసిన ఉత్తరం?"

"ఏ ఉత్తరం?" అన్నాడు గుమాస్తా.

తాతయ్య కళ్లజోడు కిందికి దించి ఆ కాగితం మూడుసార్లు చదివాడు. మూడోసారి ఎప్పట్లాగే తప్పు ఎక్కడుందో దొరికింది. అట్టడుగున, తన చేతిరాతలోనే ఉంది.

ఇంటికొచ్చి చెబితే అమ్మమ్మ, "నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని ఊరికే అన్నారా!" అంది. వెంటనే నాలుక కరుచుకుంది.

గదికి తాళం పడే ముందురోజు డాక్టరమ్మ వచ్చింది. వేరే ఊళ్లో ఉద్యోగమట, యంత్రం వెంట తీసుకెళుతోంది, పాత బిళ్ల అరిగిపోయింది.

"ఒక్క బిళ్ల బాబాయ్, చివరిసారి."

"డ్రాయింగు ఇవ్వమ్మా."

ఆమె పాత డ్రాయింగే ఇచ్చింది. తాతయ్య మూడుసార్లు చదివి లేత్ తిప్పాడు. ఆయన చేతి నుంచి అంత నిఖార్సయిన బిళ్ల అంతకుముందు రాలేదు. మొహం చూసుకోవచ్చు.

ఆమె దాన్ని వేళ్లతో తిప్పి చూసింది. "బాబాయ్... ఆ చదును?"

"డ్రాయింగులో లేదు."

"అది మీరే కదా..."

"నేనెక్కడమ్మా? లోపం నాది, సరిదిద్దింది నువ్వు. సంతకం పెట్టి మరీ ఒప్పుకున్నాను." గోడకున్న ఆకురాయి తీసి ఆమె చేతికిచ్చాడు. "ఊఁ, కానియ్యి."

ఆమె ఆకురాయి అందుకుంది. "గడువు పోతే నా ఐదేళ్లూ పోయేవి బాబాయ్. వేరే ఏం రాసినా ఒప్పుకోరన్నారు. గది ఎలాగూ మూసేస్తారనుకున్నాను."

"అడిగుంటే పెట్టేవాణ్ణి" అన్నాడు తాతయ్య. "చదివి కూడా పెట్టేవాణ్ణి."

ఆమె బిళ్లను వైసులో బిగించి రుద్దడం మొదలుపెట్టింది. ఆకురాయిని తోసేటప్పుడే బరువు వెయ్యాలి, వెనక్కి తెచ్చేటప్పుడు పైకి లేపాలి. ఆమె రెండువైపులా రుద్దుతోంది. కీచుమని చప్పుడు వచ్చినప్పుడల్లా, స్టూలు మీద కూర్చున్న తాతయ్య వేళ్లు ఒళ్లో ముడుచుకున్నాయి. ఎలా పట్టాలో మాత్రం చూపించలేదు. చదును వంకరగా వచ్చింది. అది పని చేస్తుందో లేదో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. బల్ల మీదివన్నీ సంచిలో వేసుకుని తల వంచుకుని వెళ్లిపోయింది.

మర్నాడు నలుగురు మనుషులొచ్చి లేత్‌ను మోసుకుపోయారు. తాతయ్య ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "ఆ పిల్ల నా ఆకురాయి పట్టుకుపోయింది" అన్నాడు.

"పోయినవాటిలో మీకు అదొక్కటే కనిపించిందా?" అంది అమ్మమ్మ.

"మిగతావాటికి సంతకం పెట్టాగా."