పొడిచిన డబ్బాలు

మా ఇంటి ఓనరు అంకుల్‌కి మూత తియ్యని డబ్బా కంటపడకూడదు. నేను సార్డిన్ చేపల డబ్బాలు తెచ్చి వంటింట్లో పెట్టి స్నానానికి వెళ్తే, వచ్చేలోగా అన్నిటినీ కత్తితో పొడిచేశాడు. నూనె గట్టు మీదంతా కారుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది. "ఇవన్నీ ఇవాళే తినాలా అంకుల్?" అని అరిచాను. ఆయన సిగ్గుపడి, "చెయ్యి ఊరుకోలేదమ్మాయ్," అన్నాడు.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకం హడలిపోతున్న రోజులవి. ఆ హడలు పుణ్యమా అని నాకు సింగపూర్‌లో ఉద్యోగం, బెడోక్‌లో ఈయన ఫ్లాట్‌లో ఒక గది దొరికాయి. అంకుల్ తాతలు ఎప్పుడో విశాఖ వైపు నుంచి మలయా రబ్బరు తోటలకు వలస వెళ్లినవాళ్లు.

డబ్బాల సంగతి ఆ రోజు ఆయనే చెప్పాడు. కుర్రతనంలో, మలయా అడవుల్లో కమ్యూనిస్టు గెరిల్లాలు, తోటల్లో తెల్లదొరలు ఉన్న కాలంలో, ప్రభుత్వం ఆయన చేతికి తుపాకీ ఇచ్చి తోట గేటు దగ్గర కాపలా పెట్టింది. అడవికి తిండి చేరకూడదు. అందుకని కొట్లో డబ్బా అమ్మితే అక్కడే పొడిచి ఇవ్వాలి, దాచిపెడితే కుళ్లిపోయేలా. రబ్బరు పాలు గీయడానికి వెళ్లే కూలీల ఒంటిమీద గింజ కూడా ఉండకూడదు. రోజూ పొద్దున్నే వాళ్లను తడిమి చూడడం ఈయన పని.

"ఒకనాడు మా బావ పంచెలో అన్నం మూట దొరికిందమ్మాయ్. మా అక్క మొగుడు. నేనే పట్టుకున్నా. నేనే సార్జంట్‌ని కేకేశా."

తుపాకీ మడమలతో కొట్టారట. మొదట పళ్లు రాలాయి, తర్వాత పక్కటెముకలు విరిగాయి. చేతులు వెనక్కి విరిచి పట్టుకోమన్నది ఈయన్నే. బావ నోట్లోంచి నెత్తురు ఈయన బూట్ల మీద పడింది. మధ్యాహ్నానికి గేటు దగ్గరే ప్రాణం పోయింది. వారం తిరక్కుండా గెరిల్లాలు వచ్చి, ఈయన తోటి కాపలావాణ్ణి రబ్బరు చెట్టుకు కట్టి, పాలు గీసే కత్తితోనే గొంతు కోశారు.

"ఆ అన్నం అడవికో, ఆడి ఆకలికో, ఇవాళ్టికీ తెలీదు. అక్క చచ్చేదాకా నా ఇంట్లో మకాన్ చెయ్యలేదు, ఒక్క మెతుకు తినలేదు. మంచినీళ్లు కూడా ముట్టలేదు."

మా తమ్ముడూ హోంగార్డే. కరీంనగర్ వైపు మా మండలం స్టేషన్లో, ఇసుక బస్తాల వెనక, దళం ఎప్పుడొస్తుందోనని కాపలా. మందుపాతర పేలి జీపు లేచిపోతే, తోటివాళ్ల ముక్కలు గోనెసంచిలోకి ఏరింది వాడే.

ఒక ఆదివారం పొద్దున వాడి ఫోన్ వచ్చింది. అరుస్తున్నాడు, హాలంతా వినిపిస్తోంది.

"అక్కా, మొన్న దళమోళ్లు మనింటికి వచ్చిన్రు. తుపాకులు పట్టుకొని అడిగితే అమ్మ అన్నం పెట్టకేం జేస్తది? ఊళ్లె ఎవరో పెట్టిన్రని ఎస్సైకి తెల్సింది. పొద్దుమీకేలోపల పేరు చెప్పాలంటుండు. ఎనకింటి ముసల్దాని పేరు చెప్త. దానికి ముందూ ఎనకా ఎవ్వరు లేరు."

"ముసల్దాన్ని కొడితే బతుకుతదారా?"

"మరి అమ్మ బతుకుతదా?"

'సరే, చెప్పు' అనడానికే నోరు తెరిచాను. అంకుల్ వచ్చి రిసీవర్ లాక్కున్నాడు.

"ఒరే నాయనా, నేనూ నీలాగే తుపాకీ పట్టినోణ్ణి. ఎవరి పేరూ చెప్పకు. చెప్తే ఆ పేరు చచ్చేదాకా నీ పక్కనే కూచుంటాది. నీ దెబ్బలు నువ్వు తిను. అవి మానుతాయి."

నాకు పట్టరాని కోపం వచ్చింది. తినేవాడికి తెలుస్తుంది దెబ్బ, చెప్పేవాడికేం? "మా అమ్మను చంపేస్తే మీరు బతికిస్తారా?" అంటూ ఫోన్ లాక్కునేసరికి లైన్ తెగిపోయింది.

తర్వాత ఫోన్ చేసింది అమ్మ, ఆస్పత్రి నుంచి. తమ్ముడు ఏ పేరూ చెప్పలేదు. రోజూ పక్కన కూర్చుని టీ తాగేవాళ్లే వాణ్ణి కింద పడేసి, వాడి తుపాకీ మడమతోనే మోకాలు చితక్కొట్టారు.

"వాడు కుంటోడైండు బిడ్డా," అంది అమ్మ. "నాకు చేతులాడుతలేవు. ఎనకింటి ముసలామెనే గంజి తెచ్చి వాని నోట్లె పోస్తుంది."

అంకుల్ ఎదురుగా నిలబడి, "ప్రాణం ఉందా?" అని అడిగాడు. ఉందన్నాను. ఆయన గోడవైపు తిరిగి ఏడ్చాడు. తమ్ముడి కాలు పోయిందని విని సంతోషించిన అక్క లోకంలో నేనొక్కదాన్నేనేమో.