పసుపునీళ్లలో ఉడికిన వరిగడ్డి

ఆ రోజుల్లో, అంటే ఓ పదేళ్ల కిందట, పసుపు తగిలితే శుద్ధి కాని వస్తువు లోకంలో లేదని నా గట్టి నమ్మకం. (బడికి పోకుండా నాన్న దగ్గరే చదువుకున్నదాన్ని. ఆయన శ్లోకాలన్నీ నేర్పారు గానీ, బూజు సంగతి చెప్పలేదు.) వరిగడ్డికి పుట్టగొడుగుల విత్తనం కలిపి గొర్రెలకు మేపవచ్చన్న వార్త మా ఇంటికి మొదట తెచ్చింది చిన్నాన్న. నరసన్నపేటలో పశువుల డాక్టరుగారి దగ్గర విని వచ్చి, "గడ్డి ఉడకబెట్టి, ఆరబెట్టి, ఇత్తనం కలిపి సంచుల్లో కట్టి, సీకటి గదిలో మూడు వారాలు ఉంచాలి. మెత్తబడిపోతాది. ఒకటే మాట, సుబ్బరం! అది లేకపోతే అంతా పాడైపోతాది" అన్నాడు. శుభ్రమన్నాడు కదా, ఉడికే నీళ్లలో దోసెడేసి పసుపు కుమ్మరించాను. చిన్నాన్న ఇంట్లో లేని పూట ఆరు సంచులు కట్టాం. ఆరో సంచి గడ్డి ఉడికించే వేళకు పసుపు డబ్బా ఖాళీ. దేవుడికి క్షమాపణ చెప్పుకుని దాన్ని అలాగే కట్టి ఓ మూలన పెట్టాను.

మేపడానికి జీవాలు గొర్రెల మావవి. ఎరువు కోసం మా పొలంలో మంద కట్టే ముసలాయన. గడ్డి ఉడికించడానికి సాయం పట్టిందీ ఆయనే. నడి ఎండాకాలం, ఎక్కడా మేత లేదు. ఆయన బతుకంతా ఆ మందే. అయినా సంచులు విప్పే రోజు దగ్గరపడగానే, చిన్నాన్న మాట మీద ఐదు గొర్రెలను మా పెరట్లో కట్టి, "పాపా, నీ సేతిలో పెడతన్నాను, సూసుకో" అన్నాడు.

మూడు వారాలు నిండాయి. చిన్నాన్న డాక్టరుగారిని తీసుకురావడానికి వెళ్లిన పొద్దున నేను గది తలుపు తీశాను. ఐదు సంచులు బంగారంలా మెరుస్తున్నాయి. ఆరోది విప్పి చూశాను. లోపలంతా దూది కూరినట్టు తెల్లటి బూజు! ముక్కు మూసుకుని దాన్ని పెంటకుప్ప మీదికి ఈడ్చి పారబోసి, తలస్నానం చేసి వచ్చి, పసుపుగడ్డిని గొర్రెల ముందు వేశాను. వాసన చూశాయి, తుమ్మాయి, మొహాలు తిప్పుకున్నాయి. కట్లు విప్పితే తింటాయేమోనని విప్పాను. ఐదూ ఒక్క పరుగున పెంటకుప్ప ఎక్కి ఆ బూజుగడ్డి మీద పడ్డాయి! నేను చీపురు వెతికి తెచ్చేలోగా దాదాపు అంతా కడుపుల్లోకి పోయింది.

ఏడుస్తూ పొలానికి పరుగెత్తాను. "మావా! కుళ్లిన గడ్డి తినేశాయి, ఐదూ చచ్చిపోతాయి!"

ఆయన మొహంలో నెత్తురు లేదు. వచ్చి గొర్రెల మధ్య చతికిలబడి, ఒక్కోదాని పొట్ట మీద చెయ్యేసి చూస్తూ కూర్చున్నాడు. నేను తెలిసిన దేవుళ్లందరికీ మొక్కేసి, తెలియనివాళ్లకు మొదలుపెట్టాను. చాలాసేపటికి ఆయన, "ఏడుపాపే అమ్మీ. నెమరేస్తన్నాయి, సూడు" అన్నాడు.

అంతలో చిన్నాన్నతో డాక్టరుగారు వచ్చి, కుప్ప మీద మిగిలిన తెల్ల పరకలు చేతిలోకి తీసుకుని మురిసిపోయారు. "ఇదే కదా కావలసింది! పుట్టగొడుగు విత్తనం మొలిచి వచ్చేది, గడ్డిని మెత్తబరిచేది ఈ బూజే." తరవాత సంచులు చూసి, "వీటికి పసుపెవరు వేశారు? పసుపు వేస్తే ఇంక బూజెలా పడుతుంది?" అన్నారు.

చిన్నాన్న నా వైపు తిరిగాడు. గొర్రెల మావ తలపాగా సర్దుకుని, "నానేనండి బాబూ. సుబ్బరమన్నారని ఏసీసినాను" అన్నాడు.

"నీకు బుద్ధున్నాదేటి మావా!" అని చిన్నాన్న విరుచుకుపడ్డాడు. ఆయన నవ్వుతూ తిట్లన్నీ తిన్నాడు. నేను గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డానే గానీ నోరు విప్పలేదు. అన్ని శ్లోకాలు వచ్చి నిజం ఒక్కటి చెప్పలేకపోయిన ఆ పిల్లను తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త సిగ్గూ వేస్తుంది. గొర్రెల మావ ఇప్పుడు లేడు. మీరు దీపం పెట్టుకునే వేళ, నా తప్పు తన నెత్తిన వేసుకున్న ఆ మనిషిని ఒక్కసారి తలచుకోండి.