కొండమీది పొయ్యిలు

లేసాలే చేసిన పనులు చెప్పుకుంటూ పోతే పొద్దు చాలదు. టోంగోవా దీవిలో కందగడ్డలు తవ్వుకునే పిల్ల పడవెక్కి పోర్ట్ విలాకొచ్చింది. పట్నం పైనున్న కొండమీద పొదలు నరికి ఇల్లు నిలబెట్టింది. బజారులో లాప్‌లాప్ రొట్టె అమ్మి పిల్లలందర్నీ చదివించింది. కొండమీది చర్చి లేచిందీ ఆమె పూనిక మీదే.

ఆమె కళ్లముందే పట్నం పాలపొంగులా పెరిగింది. హోటళ్లొచ్చాయి, రేవులో పనులు దొరికాయి, గడ్డికప్పులు పోయి రేకులొచ్చాయి. పండగనాటి వరి అన్నం రోజూ ఉడికింది. చేతుల్లో డబ్బాడింది గానీ కుళాయి మాత్రం కొండకిందే ఆగిపోయింది. కోడళ్లు బకెట్లతో ఎగువకు ఎక్కుతూనే ఉన్నారు.

కొండమీద ఉండేది పిడికెడు మంది, వాళ్లకోసం గొట్టమెందుకన్నారు సర్కారువాళ్లు. వాళ్లు మాత్రం ఏం చేస్తారు? కిందటిసారి జనాభా లెక్కలకొచ్చి "మీ ఊరేది?" అంటే, ప్రతివాడూ తన దీవి పేరే చెప్పాడు. ఈ కొండమీదే పుట్టినవాడూ తాతగారి దీవి పేరే చెప్పాడు. అందర్నీ వచ్చిపోయే చుట్టాల కింద రాసుకుపోయారు.

మళ్లీ లెక్కలొస్తున్నాయనగానే లేసాలే గడపగడపా ఎక్కింది. ఈసారి కొండ పేరే చెప్పాలంది. అందరూ తలూపారు, తన్నా దీవివాళ్ల పెద్ద ఇయోలు తప్ప. సగం కొండ ఆయన మాట మీదే నడుస్తుంది.

"నా బొడ్డు పాతింది తన్నాలో చెల్లీ. ఈ కొండ నా ఊరంటే నేల సొంతదారులు ఊరుకుంటారా? మా నాన్న సమాధిలోంచి లేచొస్తాడు."

"రానీ అన్నా, ఆయనకీ ఓ బకెట్ ఇద్దాం."

చుట్టూ కూచుని కావా వేరు రసం తాగుతున్నవాళ్లంతా నవ్వారు. ఇయోలు నవ్వలేదు. ఆయన మాటలోనూ న్యాయముందని లేసాలేకు తెలుసు. అయినా వదిలే మనిషి కాదు. మర్నాడు లాప్‌లాప్ మీద వేడిరాళ్లు పేరుస్తుంటే ఆలోచన తట్టింది. ఆ మసిచేతులతోనే ఇయోలు దగ్గరికి వెళ్లింది.

"నీ ఊరు తన్నాయే, కాదన్నదెవరు? నీ పొయ్యి ఎక్కడుందన్నా?"

ఇయోలు తన ఇంటి పొగవైపు చూశాడు. "ఇక్కడే."

"ఆ మాట చెప్పు చాలు. నేల ఎవరిదైనా, కూడుడికేది ఇక్కడేగా."

అది చెబితే తప్పులేదన్నాడాయన.

లెక్కలకొచ్చిన పంతులమ్మ మెరిలిన్‌ను దారిలోనే ఆపింది లేసాలే. ఊరడక్కు తల్లీ, పొయ్యి ఎక్కడని అడుగు అంది. తనకు కావలసిందీ అదేనంది మెరిలిన్. ఆ పూటంతా అలాగే అడిగింది. పొద్దువాలాక లేసాలే గడపకొచ్చేసరికి అలసిపోయి, పాత అలవాటున "మీ ఊరేదత్తా?" అనేసింది.

"టోంగోవా" అంది లేసాలే, తడుముకోకుండా.

మెరిలిన్ వెనకే వచ్చిన ఇయోలు దగ్గాడు. "పొయ్యి కూడా పడవెక్కిందా చెల్లీ?"

లేసాలే నాలిక్కరుచుకుంది. "ఇక్కడే రాయి తల్లీ. ఇక్కడే."

వానలకు ముందే గొట్టం కొండెక్కింది. తొలి బకెట్ పట్టింది ఇయోలు. తన ఇల్లు దాటి వెళ్లి, లేసాలే పొయ్యిమీది కుండలో పోశాడు.